ఒంటికన్ను దీపానికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ సెల్‌ఫోన్ టార్చి గారి దివ్య సముఖానికి,

రాత్రిపూట కొండెక్కే మిత్రబృందం నమస్కరించి రాయునది. మంచం కింద చెప్పు వెతకడంలో మీకు సాటి లేరు. ఆ పేరు చూసుకునే ప్రతి బృందమూ "ఎనిమిది మందికి ఎనిమిది ఫోన్లున్నాయిగా, ఇంక లైట్లెందుకు?" అని బయల్దేరుతోంది. మన ఇంటి దీపమే కదా అని ముద్దుపెట్టుకుంటే మీసాలు కాలాయన్న సామెత ఎవరికీ గుర్తుండదు.

మీ వెలుగు కాళ్ల దగ్గర చాపలా పరుచుకుంటుంది, ముందుకు పోదు. పది అడుగులు దాటాక దారి చీలిందో, లోయే మొదలైందో మీ నోట రాదు. పైగా మీకో చెయ్యి అంకితం చెయ్యాలి. నిటారు రాళ్ల మీద ఒక చెయ్యి ఊతకర్రకి, ఇంకోటి పట్టుకి పోతే, మీకు మిగిలేది పళ్లే.

ఒక్క మంచి మాట చెప్పకపోతే పాపం. నుదుటికి కట్టే హెడ్‌ల్యాంప్ వెలుగు కంటి పక్కనుంచే పడుతుంది కాబట్టి నీడలు కనబడవు, గుంత కూడా చదునుగా తోస్తుంది. నడుం ఎత్తున పట్టుకున్న లైటుకి ప్రతి రాయీ నీడతో సహా తేలుతుంది. అందుకే తెలిసినవాళ్లు దిగేటప్పుడు హెడ్‌ల్యాంప్‌ని విప్పి చేత్తో పట్టుకుంటారు. గుణం మీ ఎత్తుది, మీది కాదు.

ఇక మీ బ్యాటరీ. ఉమ్మడి కుటుంబం! టార్చి, మ్యాపు, సెల్ఫీ, టవర్ వేట, అన్నిటికీ ఒకటే కంచం. సిగ్నల్ అందని చోట ఫోను టవర్ కోసం వెతుక్కుంటూ ఇంకా ఎక్కువ తాగుతుంది. 1000 మీటర్లు ఎక్కితే సుమారు 6.5 డిగ్రీలు చల్లబడుతుంది. చలికి లిథియం బ్యాటరీ నీరసించి, 30 శాతం చూపిస్తూనే కళ్లు తేలేస్తారు. పవర్ బ్యాంకుదీ అదే జబ్బు, దాన్ని బ్యాగు పైజేబులో పెట్టిన మహానుభావులకి తెల్లారాక తెలుస్తుంది.

లెక్క కూడా చూడండి. కొండ నడకకి ఎంతసేపు పడుతుందో అంచనా కట్టే 1892 నాటి నైస్మిత్ సూత్రం ప్రకారం 5 కిలోమీటర్లకి గంట, 600 మీటర్ల ఎక్కుడికి ఇంకో గంట. 6 కిలోమీటర్లు, 900 మీటర్ల ఎత్తు అంటే 2 గంటల 42 నిమిషాలు. ఇందులో చీకటి లేదు, ఆగడాలు లేవు, చివరివాడి చెప్పు లేసులు లేవు. అన్ని ఫోన్లూ ఒకేసారి వెలిగించారు కాబట్టి, ఆరిపోవడమూ ఇంచుమించు ఒకేసారే.

మాట్లాడ్డానికి వెనక్కి తిరిగి మొహం మీద వెలుగు కొట్టడం ఇంకో ఘనత. చీకటికి కళ్లు అలవాటు పడాలంటే 20, 30 నిమిషాలు. చెడగొట్టడానికి ఒక్క పలకరింపు చాలు. ఆగినప్పుడు హెడ్‌ల్యాంప్‌లోని ఎర్రదీపం వాడితే ఈ గొడవ తగ్గుతుంది.

కనుక మిమ్మల్ని బదిలీ చేశాం. కొత్త నివాసం లోపలి జేబు, ఒంటి వేడిలో, ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో. మ్యాపు ముందే దించుకుంటే జీపీఎస్ అలాగే పనిచేస్తుంది. ఎవరి కాలైనా విరిగితే మీతో పని: ముందు ఫోను కాల్, అది కలవకపోతే నిమిషానికి 6 మెరుపులు, నిమిషం విరామం, మళ్లీ 6. అటునుంచి నిమిషానికి 3 వస్తే చూశారన్నమాట.

ఇట్లు,
మీ సేవలు చాలించుకున్నవారు

తా.క.: హెడ్‌ల్యాంప్ గారూ పొంగిపోనక్కర్లేదు. బ్యాగులో స్విచ్ నొక్కుకుపోయి, దారి మొదలు కాకముందే సెల్లులు అరగదీసుకునే అలవాటు ఆయనది. అందుకే కరెంటు పారకుండా ఒక సెల్లు తిరగేసి పెడుతున్నాం.