బొమ్మ మాట్లాడితే చాలన్నాను, అంతే!

ఒక బొమ్మ తెర మీద నిలబడి, అడిగినదానికి నోరు కదిలిస్తూ జవాబు చెప్పాలి. ఇంతే కదా కోరిక? గేమ్ ఇంజిన్ (ఆటలు తయారుచేసే సాఫ్ట్‌వేర్) తెరిస్తే గురుత్వాకర్షణ సిద్ధం, గోడలను ఢీకొట్టడం సిద్ధం. పెదవులు మాత్రం మన కర్మ!

బాగా వాడుకలో ఉన్న ఒక పద్ధతిలో నోటి ఆకారాలు 15. ప, బ, మ మూడింటికీ ఒకటే. సరే, మూడింటికీ పెదవులు మూసుకోవాల్సిందే, న్యాయమే. కానీ మూసుకోవాల్సిన క్షణంలో మూసుకోవే! శబ్దం ముందు, నోరు తరవాత. నోరు తెరిచే ఉంచి "అమ్మ" అనే ముఖాన్ని ఎవరు నమ్ముతారు?

ఇక జవాబు కోసం ఎదురుచూపు. మన మాట అక్షరాలు కావాలి, భాషా నమూనా (మాటలు అల్లే ఏఐ) జవాబు కూర్చాలి, అది మళ్లీ గొంతు కావాలి. అంతసేపూ బొమ్మ ఏమి చేయాలి? ఆ పనిని పొరపాటున ప్రధాన థ్రెడ్‌లో (బొమ్మను కదిలించే పనుల వరుసలోనే) పెట్టారా, రెప్ప సగంలోనే బిగుసుకుపోతుంది. సెకనుకు 60 ఫ్రేములు (తెర మీద వరుసగా గీసే చిత్రాలు) అంటే ఒక్కోదానికి దక్కేది దాదాపు 16.7 మిల్లీసెకన్లు. జవాబుకేమో సెకన్లు! (పాఠాల వీడియోల్లో ఈ ఊసే ఉండదు. అక్కడి బొమ్మ "హలో" అని ఊరుకుంటుంది.)

బ్రౌజర్‌లో పెడదామా? ఎవరో ఒకసారి తెర మీద నొక్కేదాకా గొంతే పెగలదు.

పైగా ఇంజిన్ కొత్త వెర్షన్‌కు మారమని ఒకటే పోరు. మారితే? షేడర్లు (రంగులు, వెలుగునీడలు దిద్దే చిన్న ప్రోగ్రాములు) చెడి జుట్టు, చొక్కా, ముఖం అన్నీ గులాబీ రంగు! ఆ అవతారంలోనూ నవ్వుతూ చెయ్యి ఊపుతుంది. సిగ్గుందా దానికి?