అడగడం మరిచిపోయి వస్తున్న విద్యార్థులు

ఇంజినీరింగ్ కళాశాలల్లో మొదటి ఏడాది తరగతులు మొదలైన కొత్తలో అధ్యాపకుల గదిలో ఒక మాట తప్పకుండా వినిపిస్తుంది: ‘ఈ బ్యాచ్ పిల్లలు అసలు నోరు విప్పరండీ.’ ఏటా ఇదే మాట, ఏటా ఇదే ఆశ్చర్యం. పల్లెటూరి మొహమాటమని ఒకరు, ఫోన్ల ప్రభావమని మరొకరు తోచిన కారణం చెబుతారు. ఆ పిల్లలు అంతకుముందు రెండేళ్లు ఎక్కడ గడిపి వచ్చారన్నది మాత్రం చర్చలోకి రాదు.

తెలుగు రాష్ట్రాల్లో ఇంజినీరింగ్‌లో చేరే చాలామంది కార్పొరేట్ జూనియర్ కళాశాలల హాస్టళ్ల నుంచి వస్తారు. అక్కడ తెల్లవారకముందే గంట మోగుతుంది. టిఫిన్‌కు ముందు ఒక స్టడీ అవర్, రాత్రి భోజనం తర్వాత మరొకటి. ఈ రోజు ఏ చాప్టర్ చదవాలో, వారాంతపు పరీక్షలో ఏమి వస్తుందో, ఇంటికి ఎప్పుడు ఫోను చేసుకోవాలో అన్నీ వేరొకరే నిర్ణయిస్తారు. దానివల్ల ర్యాంకులు వస్తాయా రావా అన్నది పక్కన పెడదాం. తనకు ఏది అర్థం కాలేదో తానే గుర్తించి, ఎవరి దగ్గరికి వెళ్లాలో తేల్చుకుని, వెళ్లి అడిగే అలవాటు ఆ రెండేళ్లలో పోతుంది. మొదటి ఏడాదిలో మనం చూసే బెదురుకు సగం మూలం ఇక్కడే ఉందని నా అభిప్రాయం.

ఎప్‌సెట్ కౌన్సెలింగ్ ముగిసి సీటు రాగానే ఆ కట్టడి అంతా ఒక్కసారిగా మాయమవుతుంది. పొద్దున లేపేవారు ఉండరు, చదివావా అని అడిగేవారు ఉండరు. చివరి విడతలోనో, స్పాట్ ప్రవేశాల్లోనో చేరినవారికైతే అప్పటికే కొన్ని పాఠాలు దాటిపోయి ఉంటాయి. పదో తరగతిదాకా తెలుగు మాధ్యమంలో చదివినవారికి ఆ పాఠాలు ఇంగ్లిష్‌లో, అదీ బోర్డు వైపు తిరిగి గబగబా చెప్పే ఇంగ్లిష్‌లో వినాల్సి రావడం అదనపు భారం.

సి ప్రోగ్రామింగ్ తొలి ల్యాబ్ చూస్తే ఈ సంగతి తేటతెల్లమవుతుంది. తన పాఠశాలలో కంప్యూటర్ గది తలుపుకు తాళం తప్ప మరేమీ చూడని అమ్మాయి కీబోర్డు మీద ఫ్లవర్ బ్రాకెట్ కోసం వెతుకుతూ ఉంటుంది. పక్క కుర్రాడు అప్పటికే ప్రోగ్రామ్ రన్ చేసి ఫోను చూసుకుంటున్నాడు. ఆమె ఒక వరుస చివర సెమికోలన్ పెట్టలేదు, అంతే. తెర మీద మాత్రం ఎర్రటి అక్షరాల్లో వరుసగా తప్పులు. అధ్యాపకుణ్ని పిలిస్తే నిమిషంలో తేలిపోయే వ్యవహారం. పిలవదు. పిలిస్తే ఇంగ్లిష్‌లో అడగాలి, అందరూ తిరిగి చూస్తారు. చివరికి పక్కవాడి అబ్జర్వేషన్ పుస్తకంలోని అవుట్‌పుట్ ఎక్కించుకుంటుంది, దాని మీద సంతకం పడుతుంది. రికార్డు ప్రకారం ఆమెకు ఆ ప్రయోగం వచ్చేసినట్టే!

అసలు సంగతి సెమిస్టర్ మధ్యలో కళాశాలే పెట్టే మిడ్ పరీక్షలో బయటపడుతుంది. జేఎన్‌టీయూ హైదరాబాద్ 2022 నిబంధనల ప్రకారం ఒక్కో థియరీ సబ్జెక్టులో 40 మార్కులు ఇంటర్నల్స్‌వి (మిడ్‌లూ ఇందులోవే), 60 మార్కులు సెమిస్టర్ పరీక్షవి. హాజరు 75 శాతం ఉండాలి. 65 దాకా తగ్గితే కారణం చూపి, రుసుము కట్టి గట్టెక్కవచ్చు. అంతకన్నా తగ్గితే డిటైన్ చేస్తారు, అంటే ఆ సెమిస్టర్ మళ్లీ చదవాలి. నిబంధనల్లో తప్పు లేదు. కాకపోతే అవి కొత్త చోట కుదురుకోవడానికంటూ ప్రత్యేకంగా వెసులుబాటు ఏదీ ఇవ్వవు. తొలి మిడ్‌లో దెబ్బతిన్న విద్యార్థి రెండో మిడ్ కోసం పరుగెత్తుతూ ఉండగానే సెమిస్టర్ అయిపోతుంది, తప్పిన మ్యాథ్స్ బ్యాక్‌లాగ్‌గా మిగులుతుంది.

దీన్ని ఎవరూ ఊహించలేదని అనలేం. కొత్త విద్యార్థులకు కళాశాలకు అలవాటు చేసే మూడు వారాల ఇండక్షన్ కార్యక్రమం ఉండాలని, ఇరవై మంది చొప్పున బృందాలుగా చేసి ఒక్కో అధ్యాపకుడికి అప్పగించాలని సాంకేతిక విద్యను పర్యవేక్షించే ఏఐసీటీఈ ఎప్పుడో చెప్పింది. విశ్వవిద్యాలయాల నియంత్రణ సంస్థ యూజీసీ కూడా 2019లో ‘దీక్షారంభ్’ పేరుతో మార్గదర్శకాలు ఇచ్చింది. ఆచరణలో చాలాచోట్ల జరిగేది ఆడిటోరియంలో జ్యోతి ప్రజ్వలన, ప్లేస్‌మెంట్ల గొప్పలు, తల్లిదండ్రుల కోసం ఒక వీడియో. మెంటార్‌గా అప్పగించిన అధ్యాపకుడి పేరు నోటీసు బోర్డు మీద ఉంటుంది. ఆయన తన ఇరవై మందిని మళ్లీ చూసేది ఫీజు బకాయి గుర్తు చేయడానికే.

సీనియర్ల సంగతి కాస్త చిక్కుముడి. ర్యాగింగ్ నిషేధ చట్టం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1997లోనే వచ్చింది. కొత్తవారిని వీలైనంత వరకు విడి హాస్టల్ బ్లాకులో ఉంచాలని 2009 నాటి యూజీసీ నిబంధనలు చెబుతున్నాయి. ఆ రక్షణ అవసరమే, దాన్ని సడలించాలని నేను అనను. అయితే ఏ పుస్తకం కొనాలి, ఏ యూనిట్ ముందు చదవాలి, డ్రాయింగ్ క్లాసులో గీతలు గీసే మినీ డ్రాఫ్టర్ ఎవరి దగ్గర సగం ధరకు దొరుకుతుంది అని చెప్పే మనిషి కూడా సాధారణంగా సీనియరే. ఆ దారి మూసినప్పుడు దాని స్థానంలో మరో దారి తెరవాల్సింది కళాశాలే. తెరవలేదు.

విశాఖపట్నంలో ఒక నీట్ విద్యార్థిని మృతి కేసులో 2025 జులైలో సుప్రీంకోర్టు ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థా అర్హత గల కౌన్సెలర్‌ను నియమించుకోవాలి. మంచిదే. కానీ తరగతిలో చెయ్యి ఎత్తలేని విద్యార్థి కౌన్సెలర్ గది తలుపు తడతాడా? ఆ గది ఎక్కడుందో కూడా ఎవరినో ఒకరిని అడగాలి కదా!

అమెరికాలోని ప్రసిద్ధ సాంకేతిక విశ్వవిద్యాలయం ఎంఐటీలో మొదటి సెమిస్టర్‌కు గ్రేడ్లు లెక్కలోకి రావు. గట్టెక్కితే పాస్ అని రాస్తారు, తప్పితే బయటికిచ్చే మార్కుల పత్రంలో ఆ సబ్జెక్టు ఊసే ఉండదు. అంత మార్పు ఇక్కడ చేయాలంటే విశ్వవిద్యాలయం కదలాలి. కళాశాల తనంతట తాను చేయగలిగినవీ ఉన్నాయి. మొదటి మిడ్‌కు ముందు మార్కులతో పని లేని ఒక పరీక్ష పెట్టి, తప్పులు ఎదురుగా కూర్చోబెట్టి వివరించవచ్చు. వారానికో గంట టైం టేబుల్‌లోనే కేటాయించి, సందేహాలు తెలుగులో అడిగినా సరేనని అధ్యాపకుడే ముందుగా ప్రకటించవచ్చు. ల్యాబ్ రికార్డు మీద సంతకం పెట్టేముందు విద్యార్థి చేత ఆ ప్రోగ్రామ్‌ను ఒకసారి మళ్లీ టైప్ చేయించవచ్చు. సిబ్బంది చాలరని యాజమాన్యాలు అంటాయి. ఫ్రెషర్స్ పార్టీకి డీజేను పిలిపించే డబ్బుతో ఆఖరి ఏడాది విద్యార్థులు నలుగురికి చిన్న పారితోషికం ఇచ్చి సాయంత్రం ల్యాబ్‌లో కూర్చోబెట్టవచ్చు.