ఇళ్ల కన్నా ఇంకుడుగుంతలే ఎక్కువున్న ఊరు మాది

ఇప్పుడే గ్రామసభ నుంచి వచ్చిన. కోపం దిగకముందే రాస్తున్న, తప్పులుంటే సర్దుకోండి.

సభ పదకొండు గంటలకన్నరు. పన్నెండున్నరకు మొదలైంది. ఉపాధి పని నుంచి వచ్చిన ఆడవాళ్లను "ఫొటో అయినంక పోదురు" అని ఫ్లెక్సీ ముందు కూసోబెట్టిండ్రు. సెక్రటరీ ఫోన్ పైకెత్తి "అందరు చేతులు లేపుండ్రి" అన్నడు. దేనికని ఎవరూ అడగలే. లేపినం. క్లిక్కుమంది. అంతే, వచ్చే ఏడాది గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళికకు ఊరంతా ఏకగ్రీవ ఆమోదం తెలిపినట్టు లెక్క. రిజిస్టర్ల సంతకాలైతే పొద్దుగాలనే ఇంటింటికి తిప్పి పెట్టించుకున్నరు. సభ కన్నా సంతకాలు ముందు నడిచే ఊరు మాది.

ఈలోపు ఒక అవ్వ లేచి, "సారూ, మా గల్లీల మోరి నిండి నీళ్లు ఇంట్లకొస్తున్నయి, జర రాసుకో" అన్నది. "అది ఈ థీమ్ కిందికి రాదు అవ్వా" అన్నడు మనోడు. మోరికి థీమ్ దొరకలేదట! ఈ ప్రణాళికకు తొమ్మిది థీమ్‌లున్నయి మరి. పేదరికం లేని ఊరు, ఆరోగ్యమైన ఊరు, పిల్లలకు అనువైన ఊరు, నీళ్లకు కొదవలేని ఊరు, పచ్చగా శుభ్రంగా ఉండే ఊరు... ఇట్ల తొమ్మిది. ఐక్యరాజ్యసమితి 17 సుస్థిరాభివృద్ధి లక్ష్యాలను మన పల్లెలకు తగ్గట్టు తొమ్మిదింటికి కుదించిండ్రు. ఆలోచన బంగారం, నేనేం కాదనను. కానీ ఆ తొమ్మిదింట్ల ఒక్క మోరి ఇమడలేదంటే ఏమనాలె?

అసలు మండింది దాని తర్వాత. పక్కనే కూసున్న కదా, సెక్రటరీ చేతుల ఉన్న ఫారం కనపడ్డది. పంచాయతీ అడ్వాన్స్‌మెంట్ ఇండెక్స్. మార్కుల పట్టిక అన్నమాట. ఊరికి 100కు ఎన్ని మార్కులో తేల్చడానికి బోలెడు సూచికలు, 2022-23 లెక్కకైతే 435 ఉండె. నీళ్ల వరుసల వేలు పెట్టి చదివిన. ఇంకుడుగుంతలు ఉన్న ఇళ్ల సంఖ్య చూసి, పైనున్న మొత్తం ఇళ్ల సంఖ్య చూసి, మళ్లా కింద చూసిన. ఊర్లె ఉన్న ఇళ్ల కన్నా గుంతలున్న ఇళ్లే ఎక్కువ. లేని ఇంటి ముందర కూడా గుంత తవ్విన ఘనత మాది! అడిగితే "పాత లెక్క అన్నా, ఎస్టిమేట్ ప్రకారం పడ్డది, నేను సరిచేస్త" అన్నడు. సరిచేస్తడట. మా గల్లీలనే నాలుగు ఇళ్లకు గుంత కాదు కదా, దాని బిల్లు కూడా తెల్వదు.

సెక్రటరీని తిట్టి ఏం లాభం, అది వేరే సంగతి. పాపం ఒక్కడే. పన్ను వసూలు చేయాలె, జనన మరణ సర్టిఫికెట్లు రాయాలె, పొద్దున లేవంగనే పారిశుధ్యం రిపోర్టు అప్‌లోడ్ చేయాలె, ట్రాక్టర్‌కు డీజిల్ ఎవరి దగ్గర అప్పుకు దొరుకుతదో వెతకాలె. ఆపైన ఈ సూచికలు. ఇన్ని గడులు ఒక్కని మీద పడేస్తే ఆయనకు తెలిసిన జవాబు ఒకటే: నింపుడు. ఖాళీగా ఉంటే ఎంపీడీవో ఆఫీసు నుంచి ఫోన్ వస్తది, తప్పుగా ఉంటే ఎవరూ ఫోన్ చేయరు.

ఈ ఇండెక్స్ 2022-23 మార్కులు 2025 ఏప్రిల్‌ల బయటపెట్టిండ్రు. దేశంల రెండు లక్షలకు పైగా పంచాయతీల లెక్క తీస్తే, 90 దాటి 'అచీవర్' అనిపించుకున్నది ఒక్కటంటే ఒక్కటి లేదు. దాని కింద 'ఫ్రంట్ రన్నర్' మెట్టు మీద 699 ఉంటే అందుల 270 మన తెలంగాణవే, గుజరాత్ తర్వాత మనమే. వాట్సాప్ గ్రూపుల అప్పుడు ఎంత సంబురం! దండాలు, జెండాలు, చప్పట్ల బొమ్మలు. ఆ 270ల నిజంగా బాగుపడ్డ ఊళ్లు ఉండే ఉంటయి. మా గుంతల్లాంటి గుంతలు ఎన్నో నాకైతే అనుమానమే.

చెట్ల ముచ్చట కూడా ఇంతే. 2018 పంచాయతీరాజ్ చట్టంల నాటిన మొక్కల్ల 85 శాతం బతకాలె, లేకుంటే సర్పంచ్, సెక్రటరీ పదవులకే ఎసరు అని రాసిండ్రు. ఇగ మొక్కలు చస్తయా? చావనే చావయి. చట్టమొచ్చినంక తెలంగాణల కాగితం మీద మొక్క చచ్చిన దాఖలా నాకైతే కనపడలే. మా ఊరి పల్లె ప్రకృతి వనంల కానుగ చెట్లు నాలుగు, మిగతాదంత సర్కారు తుమ్మ. దాన్ని కూడా లెక్కల వేసుకున్నట్టున్నరు, పచ్చగనే ఉంటది కదా.

నన్ను "ప్రతిదానికి ఏడుస్తడు" అని అనుకునేటోళ్లకు ఒకటి చెప్త. మార్కులు, లెక్కలు అంటే నాకు పడక కాదు. లెక్క అంటే ఎట్లుంటదో ఈ జిల్లా చూసింది. అదే నా కడుపుమంట.

మాది నల్లగొండ. బత్తాయి తోటలు ఎండుతుంటే బోరు మీద బోరు వేసి అప్పుల పాలైన జిల్లా. ఆ రోజుల్ల, 2000ల మొదట్ల కరువు తర్వాత, రైతుల చేతనే భూగర్భ జలాలు కొలిపించే పని ఒకటి నడిచింది. డచ్చోళ్ల డబ్బు, ఎఫ్ఏఓ అండ, కింద పని చేసింది స్వచ్ఛంద సంస్థలు. ఉమ్మడి రాష్ట్రంల అనంతపురం నుంచి నల్లగొండ దాక ఏడు జిల్లాలు, ఆరు వందలకు పైగా పల్లెలు. మా నాయన పదో తరగతి ఫెయిల్. ఆయన చేతికి ఒక టేపు ఇచ్చిండ్రు. బోరుల దింపితే నీళ్లు తాకంగనే బీప్ మంటది. పదిహేను రోజులకోసారి పోయి దింపి, ఎన్ని మీటర్లకు మోగిందో నోట్‌బుక్కుల రాసుకునేటోడు. డ్రమ్ము పెట్టి, గడియారం చూసి, మోటరు ఎన్ని సెకండ్లకు నింపుతదో కొలిచేటోడు. వాన కొలిచే డబ్బా ఇంకొకరి ఇంట్ల ఉండేది. ఇవన్నీ తెచ్చి బడి గోడ మీద పెయింట్‌తోని రాసేటోళ్లు. బస్సు కోసం నిలబడ్డోనికి కూడా కనపడేది.

యాసంగికి ముందు అందరు కూసొని నీళ్ల బడ్జెట్ వేసేటోళ్లు. వానకు భూమిలకు ఎంత ఇంకింది, ఇన్ని ఎకరాలు వరి వేస్తే ఎంత గుంజుతం, ఎంత లోటు. వరి వద్దని ఎవరూ అనలే, జరిమానా లేదు, కరెంటు కట్ లేదు. లోటు అంకె కండ్ల ముందర పెట్టిండ్రు, అంతే. ఏందిరా, గింత తక్కువనా అని మొత్తుకున్నోళ్లే ఇంటికి పోయి వేరుశనగకో కూరగాయలకో మారిండ్రు. అట్ల అని అందరూ మారలే, మా పెద్దనాయన ఆఖరు దాక వరే వేసిండు, ఆయన బోరే ముందు ఎండింది. అది ఆయన ముందర ఇప్పటికీ ఎవరూ అనరు.

మరి ఏమైంది? ప్రాజెక్టు అయిపోయింది, టేపు తీసుకపోయే దిక్కు లేదు, బ్యాటరీ మార్చే దిక్కు లేదు. సర్కారు "మాకు మా సొంత పరిశీలన బావులున్నయి" అన్నది. ఉన్నయి, కాదనను, కానీ ఆ అంకె మా గోడ మీదికి రాదు కదా. 2018 జనవరి 1 నుంచి 24 గంటల ఉచిత కరెంటు వచ్చినంక నీళ్ల బడ్జెట్ మాటెత్తితే పిచ్చోని చూసినట్టు చూసేటోళ్లు. దీని మీద మాట్లాడితే రైతు వ్యతిరేకి అంటరు, నేనే రైతును, నా బోరే ఎండింది, అయినా అంటరు. సరే, వదిలేద్దాం.

ఇగ ఆ బడి గోడ. స్వచ్ఛ సర్వేక్షణ్ మార్కుల కోసం ఊరంత బొమ్మలు వేయించినప్పుడు దాని మీద తెల్ల సున్నం కొట్టి, తడి చెత్త పొడి చెత్త బుట్టలు గీసిండ్రు. ఆకుపచ్చ బుట్ట, నీలం బుట్ట, పక్కన నవ్వుతున్న పాప. ఏండ్ల నీళ్ల లెక్క ఆ సున్నం కింద ఉన్నది. పరిశుభ్రతకు మార్కులు వచ్చినయి కూడా! చెత్త వేరు చేసే సెగ్రిగేషన్ షెడ్డుల మాత్రం యూరియా బస్తాలు పేర్చి ఉన్నయి, బుట్టలు గోడ మీదనే ఉన్నయి.

పైసల ముచ్చట కూడా చెప్పి ఆపుత. 15వ ఆర్థిక సంఘం గ్రాంట్ల (2021-26) 60 శాతం తాగునీళ్లకు, పారిశుధ్యానికే ఖర్చు పెట్టాలని షరతు ఉండె. అంటే మోరి కోసం పైసలే కట్టేసి పెట్టిండ్రు. 2024 ఫిబ్రవరి నుంచి సర్పంచులు లేక, ఎన్నికలు కాక, ఆ పైసలు రాక పంచాయతీలు ఎండినయి, అది నిజం. 2025 డిసెంబర్‌ల ఎన్నికలైనయి, కొత్త సర్పంచ్ వచ్చిండు. ఆయన కూడా ఇయాల చేయి లేపిండు, అందరి కన్నా ముందు. అవ్వ మోరి ఏ థీమ్ కిందికి వస్తదో ఆయనకు నేనే చెప్పిన: ఐదోది, పచ్చదనం పరిశుభ్రత. "అట్లనా అన్నా, మళ్ల సారి చూద్దాం" అన్నడు.

మళ్ల సారి దాక ఆగే ఓపిక లేదు. ఇంకుడుగుంతల లిస్టు ఇంటి నంబర్లతో, ఇంటి యజమాని పేర్లతో ఇయ్యమని ఆర్టీఐ రాసి మాపటికి ఇచ్చేసి వస్త. పదివేల సందేశాలు ఫార్వర్డ్ చేసుడు కాదు, మీ ఊర్లె కూడా అడగండి. గ్రామ స్థాయిల అయితే దరఖాస్తుకు ఫీజు కూడా లేదు.