ఇంజనీరింగ్ చదవకపోతే మనిషి కాడా?

ఎంసెట్ పేరు మారి ఈఏపీసెట్ అయింది గానీ, ర్యాంకులు రాగానే చుట్టాల ఆరాలు మాత్రం మారలేదు. "ఏ కాలేజీ? ఏ బ్రాంచి?" పిల్లాడికి ఏం ఇష్టమో ఒక్కరూ అడగరు.

మా మేనల్లుడు మిక్సీ ఆగిపోతే విప్పి, అరిగిపోయిన కార్బన్ బ్రష్‌లు తీసి కొత్తవి వేసి, గిర్రున తిరిగేలా చేసి ఇస్తాడు. పదో తరగతి కాగానే ఐటీఐలో ఎలక్ట్రీషియన్ కోర్సు చేస్తానన్నాడు. రెండేళ్ల చదువు, ఆ తర్వాత స్టైపెండ్‌తో అప్రెంటిస్‌షిప్. మా బావ ఒప్పుకోలేదు. "నలుగురిలో తలెత్తుకు తిరగాలా వద్దా?" అన్నాడు. పోనీ పాలిటెక్నిక్‌లో చేర్చు బావా, డిప్లొమా అయ్యాక కావాలంటే ఈసెట్ రాసి నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరొచ్చు అన్నా వినలేదు. ఇప్పుడు వాడు కంప్యూటర్ సైన్స్‌లో బ్యాక్‌లాగ్‌లు మోస్తున్నాడు. ఇంట్లో ఎవరితోనూ సరిగ్గా మాట్లాడడు.

డాక్టరుకి, లాయరుకి కాలేజీ కావాల్సిందే. చదువుతానన్న ఆడపిల్లను పెళ్లి పేరుతో ఆపేసేవాళ్ల మీద నాకు ఇంతకంటే ఎక్కువ కోపం. కానీ ఇష్టం లేనివాడిని నాలుగేళ్లు కూర్చోబెట్టి, అప్పులు చేసి, చివరికి ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయి ఉందని కాలేజీ సర్టిఫికెట్లు ఆపేస్తే దాని చుట్టూ తిరగడం... ఈ తిప్పలన్నీ ఎవరి కోసం?

ఎండాకాలంలో ఏసీ పాడైతే మెకానిక్ కోసం ఫోన్ల మీద ఫోన్లు చేస్తాం. అదే పని మన పిల్లాడు నేర్చుకుంటానంటే పరువు పోతుందట! వాడిని ఒక్క మాట అడగకుండా ఫీజు కట్టేసి వచ్చే తండ్రులను చూస్తే ఒళ్లు మండిపోతోంది.