ఊరి పేరు ఊరికి దక్కాలి

కామంబేర్ చీజ్ ప్రపంచమంతా తెలుసు. కామంబేర్ అనే ఊరు ఉందని మాత్రం చాలామందికి తెలియదు. ఫ్రాన్స్‌లోని నార్మండీ ప్రాంతంలో, ఓర్న్ జిల్లాలో ఉంది. జనాభా రెండొందలకు అటూ ఇటూ. ఒక చర్చి, పచ్చిక బీళ్లు, ఆపిల్ చెట్లు, ఆవులు. 1791లో మరీ ఆరెల్ అనే రైతు మహిళ ఈ చీజ్‌కు రూపం ఇచ్చిందని అక్కడ చెప్పుకుంటారు. తర్వాత రైలు వచ్చింది, 1890లో పల్చటి చెక్క డబ్బా వచ్చింది, మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికుల రేషన్‌లోకీ చేరింది. ఊరి పేరు ఊరు దాటిపోయింది.

అక్కడే దెబ్బ పడింది. కామంబేర్ అనేది ఇక ఒక రకం చీజ్ పేరు మాత్రమేనని, ఎవరైనా వాడుకోవచ్చని 1926లో ఓర్లియాన్స్ అప్పీల్ కోర్టు తేల్చేసింది. 1983లో చట్టం రక్షణ ఇచ్చింది కానీ, 'కామంబేర్ ద నార్మండీ' అన్న పూర్తి పేరుకే. ఉత్త కామంబేర్ అప్పటికే చెయ్యి జారిపోయింది.

ఆ పూర్తి పేరు పెట్టుకోవాలంటే ఎంత పని ఉందో చూడండి. కాచని పచ్చి పాలే వాడాలి. ఒక్కో చీజ్‌కు రెండు లీటర్లకు పైగా కావాలి. విరిగిన పాలను గరిటెతో అచ్చులో పోసి, నీరు దిగేదాకా ఆగి, మళ్లీ పోయాలి. అలా కనీసం ఐదుసార్లు. పెద్ద డెయిరీలేమో పాశ్చరైజ్ చేసిన పాలతో చేసి, 'నార్మండీలో తయారైంది' అని రాసి ఏళ్ల తరబడి అమ్ముకున్నాయి. పైకి రెండు డబ్బాలూ ఒకేలా ఉంటే కొనేవాళ్లకు తేడా ఎలా తెలుస్తుంది? పాశ్చరైజ్ చేసినదానికీ అసలు పేరు ఇద్దామని 2018లో రాజీ కుదిరింది. ఉత్పత్తిదారులే 2020లో దాన్ని పక్కన పడేశారు. మంచి పని చేశారు.

పేరు పాకితే ఊరికే కదా లాభం, చౌక చీజ్ పేదవాళ్లకూ అందుతుంది కదా అనేవాళ్లున్నారు. చౌకగా అమ్మండి, ఎవరూ వద్దనరు. వేరే పేరు పెట్టి అమ్మండి.

మనకు ఇది దూరపు గొడవ కాదు. పోచంపల్లి ఇక్కత్‌కు భౌగోళిక గుర్తింపు 2005లోనే వచ్చింది. ఆ ట్యాగ్‌తోనే పని అయిపోయిందనుకున్నాం. ఈ మధ్య హైదరాబాద్‌లో ఒక బట్టల షాపులో 'పోచంపల్లి' అని చూపించిన చీరను తిరగేసి చూశాను. అసలు ఇక్కత్‌లో నేయకముందే నూలుకు ముడులు కట్టి రంగులద్దుతారు కాబట్టి డిజైన్ రెండు వైపులా కనిపిస్తుంది. ఇది వెనక వెలవెలబోతోంది. ఉత్త ప్రింటు. అదే మాట అడిగితే, "పోచంపల్లి అంటే డిజైన్ పేరేనండీ" అన్నాడు షాపతను. 1926లో ఆ కోర్టు అన్నదీ ఇదే.