గంజాయి కేసుల్లో ఎవరిని పట్టుకుంటున్నాం?

2021 అక్టోబర్‌లో హైదరాబాద్ పోలీసులు రోడ్ల మీద బైకులు ఆపి, కుర్రాళ్ల ఫోన్లు తీసుకుని, వాట్సాప్‌లో గంజాయి మాట ఎక్కడైనా ఉందా అని వెతికిన వీడియోలు బయటికొచ్చాయి. గోప్యత ప్రాథమిక హక్కు అని 2017లోనే పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు తొమ్మిది మంది జడ్జీల ధర్మాసనం తేల్చి చెప్పింది. అయినా ఆ తనిఖీలను సమర్థించినవాళ్లు ఉన్నారు. వాళ్ల భయాన్ని నేను కొట్టిపారేయలేను. ‘గంజాయి బ్యాచ్’ పేరెత్తితే ఆడపిల్లలున్న ఇళ్లలో టెన్షన్ మొదలవుతుంది. సందు చివర గుంపుగా చేరి దారిన పోయేవాళ్లను ఏడిపించడం, డబ్బుల కోసం కత్తి చూపించడం నిజంగానే జరుగుతున్నాయి.

కత్తి చూపించడం అసలే పెద్ద నేరం. తాగి చేసినా, పీల్చి చేసినా, పూర్తి స్పృహతో చేసినా శిక్ష పడాల్సిందే. కావాలని మత్తు పుచ్చుకున్నవాడికి చట్టం ఆ పేరుతో మినహాయింపు ఇవ్వదు. పోలీసుల బలమంతా అక్కడ పెట్టాలి. వయసొచ్చిన మనిషి తన గదిలో, ఎవరి జోలికీ పోకుండా పీల్చినందుకు జైలు ఎందుకు? మత్తుపదార్థాల నిరోధానికి ఉన్న ఎన్‌డీపీఎస్ చట్టం సెక్షన్ 27 ప్రకారం గంజాయి వాడితే ఆరు నెలల దాకా జైలు, లేదా 10 వేల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. అదే మొక్క ఆకుతో చేసే భంగు ఈ చట్టం కిందికి రాదు. మద్యానికి ప్రభుత్వమే లైసెన్సులిచ్చి ఆదాయం తీసుకుంటుంది. ఎయిమ్స్ 2019 నివేదిక ప్రకారం దేశంలో మద్యం తాగేవాళ్లు 16 కోట్లు, గంజాయి, చరస్ వాడేవాళ్లు 1.3 కోట్లు. సందుల్లో గొడవలకు మత్తే కారణమనుకుంటే లెక్క ఎక్కడి నుంచి మొదలవ్వాలి?

ఈ చట్టం బరువు ఎక్కువగా పడేది విశాఖ ఏజెన్సీ మీద, అంటే అక్కడి గిరిజన ప్రాంతం మీద. చింతపల్లి, జి.మాడుగుల, పెదబయలు వైపు పెట్టుబడి పెట్టేది బయటి వ్యాపారి, బస్తా మోసేది గిరిజన కుర్రాడు. సరుకు 20 కిలోలు దాటితే వాణిజ్య పరిమాణం కిందే లెక్క. కనీస శిక్ష పదేళ్లు, సెక్షన్ 37 వల్ల బెయిల్ దొరకడమే గగనం. కూలికి మోసినవాడికీ, లాభం తీసుకున్నవాడికీ చట్టంలో ఒకటే కొలత. 2022 ఫిబ్రవరిలో ఉమ్మడి విశాఖ జిల్లాలో 2 లక్షల కిలోలకు పైగా గంజాయి తగలబెట్టారు. సరుకు రవాణా ఇప్పటికీ ఆగలేదు.

దుకాణాలు తెరవమని నేను అడగడం లేదు. థాయిలాండ్ 2022 జూన్‌లో సరైన నిబంధనలు లేకుండానే తలుపులు తెరిచింది. వీధివీధినా షాపులు వచ్చాక, 2025 జూన్‌లో డాక్టర్ చీటీ ఉంటేనే అమ్మాలని వెనక్కి తగ్గింది. చిన్న వయసులో రోజూ పీల్చేవాళ్లకు తీవ్రమైన మానసిక జబ్బుల ముప్పు పెరుగుతుంది. కాబట్టి పిల్లలకు అమ్మడం, మత్తులో బండి నడపడం కఠినమైన నేరాలుగానే ఉండాలి.

పీల్చే అలవాటున్న కుర్రాడికి మాత్రం దారి ఇప్పుడున్న చట్టంలోనే ఉంది. వ్యసనపరుడు తనంతట తాను గుర్తింపు పొందిన ఆసుపత్రిలో చికిత్సకు ముందుకొస్తే, వాడకం కేసులోనూ, కొద్ది పరిమాణం కేసులోనూ విచారణ నుంచి సెక్షన్ 64ఎ రక్షణ ఇస్తుంది. కొడుకును స్టేషన్‌కు తెచ్చారని తెలిసి పరిగెత్తుకొచ్చిన తల్లిదండ్రులకు ఎస్‌ఐ ముందుగా ఆ సెక్షన్ గురించి చెప్పాలి. ప్రతి జిల్లా ఆసుపత్రిలో అందుకు పడకలు, సైకియాట్రిస్టు ఉండాలి.