భయం వేయలేదు, పదికి మూడు

మావారికి ఇంతవరకు ఏ దెయ్యమూ నచ్చలేదు.

సినిమా అయిపోయి పేర్లు పడుతుండగానే ఆయన తీర్పు వచ్చేస్తుంది. "భయం వేయలేదు. పదికి మూడు." కథ, నటన, సంగీతం, ఇవేవీ లెక్కలోకి రావు. తనను జడిపించిందా లేదా అన్నదొక్కటే కొలత. నిర్మాత కోట్లు కుమ్మరించి సినిమా తీసిందే నల్లకుంటలో ఉండే ఈ ఒక్క మనిషిని పరీక్షించడానికని ఆయన నమ్మకం. 2023లో ‘విరూపాక్ష’ను ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో చూశాం. ఊరికి అష్టదిగ్బంధనం వేసి, లోపలివాళ్ళు లోపలే చచ్చిపోతుంటే హాలంతా కిక్కురుమనకుండా కూర్చుంది. ఈయన మాత్రం ఒళ్ళో ఉన్న పాప్‌కార్న్ డబ్బాలోకి తల వంచి చూస్తున్నారు. సంగీతం ఆగినప్పుడల్లా ఆ డబ్బాలోనే ఏదో వెతుకుతున్నారు. చివరికి మాడిపోయిన గింజ ఒకటి రెండు వేళ్ళతో తీసి, తెర వెలుగులో అటూ ఇటూ తిప్పి, పొట్టు ఒలిచి, చుట్టూ అరుపులు సద్దుమణిగాక నోట్లో వేసుకున్నారు. బయటికి వచ్చి స్కూటరు తీస్తూ, "ఏముంది అందులో?" అన్నారు. చూస్తే కదా తెలిసేది.

మా మరిదిది ఇంకో దారి. మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం, అంటే తప్పులు పట్టినందుకే జీతం. శనివారం రాత్రి మా ఇంటికి వచ్చి ఆ పని ఉచితంగా చేస్తాడు. లైటు ఎందుకు వేయరు? శబ్దం వచ్చిన వైపే ఎందుకు నడుస్తారు? అందరూ ఒకచోట ఉండక తలో దిక్కుకీ ఎందుకు పోతారు? అన్నిటికన్నా ముఖ్యంగా, ఇల్లు ఖాళీ చేసి పోరేం? ‘ది కంజూరింగ్’ చూసిన రోజున ఈ చివరి ప్రశ్న మీద పెద్ద చర్చే నడిచింది. 1971లో అమెరికాలోని రోడ్ ఐలాండ్‌లో ఒక కుటుంబం ఐదుగురు ఆడపిల్లలతో పాత ఇంట్లోకి దిగుతుంది. దెయ్యం ఉందని తెలిశాక కూడా కదలరు, ఉన్న డబ్బంతా ఆ ఇంటి మీదే పెట్టేశాం అంటారు. "అదీ ఒక కారణమేనా వదినా?" అంటాడు మరిది. పెళ్ళి కాలేదు, అద్దె గదిలో ఉంటాడు, అతనికేం తెలుసు. ఇరవై ఏళ్ళ గృహరుణం నెత్తిన ఉన్న మాకు ఆ సినిమా మొత్తంలో పూర్తిగా నమ్మబుద్ధి అయిన మాట అదొక్కటే. నేలమాళిగలో ఎన్ని దెయ్యాలు కాపురం ఉన్నా ఐదో తారీఖున వాయిదా కట్టక తప్పదు.

అత్తయ్యకు ఇవేవీ పట్టవు. ఆవిడ అడిగేది ఒకటే: "ఇంతకీ దానికేం కావాలట?"

ఆవిడ లెక్కలో కోరిక లేని దెయ్యం దెయ్యమే కాదు. ‘అరుంధతి’ 2009లో వచ్చింది, ఇప్పటికీ టీవీలో వేస్తే వంట ఆపి మరీ కూర్చుంటారు. పశుపతికి ఏం కావాలో స్పష్టంగా తెలుసు, దానికోసం ఎంతకైనా తెగిస్తాడు, పద్ధతిగా ఉంటుంది. ఇంగ్లీషు దెయ్యాలు అలా కాదు, వస్తాయి, గిన్నెలు విసురుతాయి, దుప్పట్లు లాగుతాయి, పోతాయి. పనిలేని దెయ్యాలని ఆవిడ కొట్టిపారేస్తారు. ఒక్క ‘తుంబాడ్’ దగ్గర మాత్రం మెత్తబడ్డారు. అది 2018లో వచ్చినప్పుడు పెద్దగా ఎవరూ చూడలేదు, 2024లో మళ్ళీ విడుదల చేస్తే మొదటిసారి కన్నా ఎక్కువ వసూలు చేసింది. మా అమ్మాయి స్నేహితులతో చూసొచ్చి, ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి మళ్ళీ చూపించింది. అందులోని హస్తర్ అనే దెయ్యం పిండిబొమ్మ కోసం ఎగబడుతుంటే అత్తయ్య, "పాపం, ఆకలితో ఉంది. ఇది న్యాయం" అన్నారు. మర్నాడు చపాతీ పిండి కలుపుతూ కూడా దాన్ని తలుచుకున్నారు.

నన్నడిగితే మన దెయ్యాలకు ఈ కోరికే ఎసరు పెట్టింది. విశ్రాంతి దాకా హడలగొట్టిన దెయ్యం, సమోసా తిని వచ్చేసరికి తన గతం చెప్పుకోవడం మొదలుపెడుతుంది. దానికి జరిగిన అన్యాయమంతా విన్నాక కళ్ళనీళ్ళు వస్తాయి గానీ భయం ఎక్కడినుంచి వస్తుంది? పాపం దాని పని అయిపోతే బాగుండునని మనమే కోరుకుంటాం. 2022లో వచ్చిన ‘మసూద’ ఈ గోతిలో పడలేదు, గతం తెలిశాక ఆ మనిషంటే ఇంకా ఎక్కువ వణుకు పుట్టింది. అయితే అందులో నాకు నమ్మశక్యం కాని విషయం ఒకటుంది. కూతురికి దెయ్యం పట్టిన పక్కింటావిడ కోసం ఆ అబ్బాయి ప్రాణాలకు తెగించి తిరుగుతాడు. మా పక్క ఫ్లాటు వాళ్ళు తోడుకు కాస్త పెరుగు అడిగితే, ఫ్రిజ్ తలుపు తెరవకుండానే లేదంటారు.

మా అమ్మాయి అభిరుచి వేరు, వాతావరణం ఉంటే చాలంటుంది. దాని బలవంతం మీదే ‘భ్రమయుగం’ పెట్టాం. మమ్ముట్టి, పాడుబడిన ఇల్లు, వాన, మొత్తం నలుపు తెలుపు. మావారు రిమోట్ తీసుకుని రంగులు పెంచడం మొదలుపెట్టారు. సినిమాయే అంత అని అది మొత్తుకున్నా వినకుండా, మెనూలోని గీతలన్నీ చివరిదాకా జరిపి, టీవీ పాడైందని తేల్చి, మెకానిక్ నంబరు వెతికారు. వార్తలు పెడితే యాంకరు ముఖం గుమ్మడిపండు రంగులో కనిపించింది. అప్పుడు కూడా ఆయన మాట మారలేదు, పదికి మూడే.

ధారావాహికలు మా ఇంట్లో ఎక్కువ సాగవు, ఎవరో ఒకరు రెండో భాగానికే నిద్రపోతారు. ‘దూత’ ఒక్కటి చివరిదాకా చూశాం. జరగబోయేది ముందే అచ్చయిన వార్తాపత్రిక ముక్కలు నాగచైతన్యకు దొరుకుతుంటాయి కదా. దాని తరువాత అత్తయ్య మిర్చి బజ్జీల పొట్లం విప్పగానే బజ్జీ పక్కన పెట్టి, నూనె కాగితాన్ని కిటికీ దగ్గరకు తీసుకెళ్ళి చదివేవారు. ఒకసారి అందులో టెండరు ప్రకటన ఉంది. రోడ్డు వేయబోతున్నారన్న మాట, అంటే నిజం కాదులే అని పారేశారు.

ఇంతమంది న్యాయమూర్తుల మధ్య నా అభిప్రాయం ఎవరూ అడగరు. నేను సగం సినిమా వంటింట్లోంచే వింటాను కాబట్టి, బొమ్మ లేకుండా శబ్దం మాత్రమే చెవిన పడితే ఎలా ఉంటుందో మా ఇంట్లో తెలిసింది నా ఒక్కదానికే. భయమంతా చెవుల్లోనే ఉంటుంది. సినిమా హాల్లో మాటలకు తెర వెనక వేరే స్పీకరు, మిగతా చప్పుళ్ళకు చుట్టూరా ఇంకా బోలెడు. వాటన్నిటినీ టీవీ వెనకున్న రెండు చిన్న స్పీకర్లలోకి కుక్కేసరికి, గుసగుసలు చీమలకు కూడా వినపడవు, కేకలు మాత్రం వీధి చివరి దాకా పోతాయి. గుసగుస కోసం పెంచడం, కేకకు తగ్గించడం, ఇదే పని. ఇది ప్రతి ఇంట్లోనూ ఉండే తంటానే, ముఖ్యంగా పై అంతస్తులో.

ఆ శనివారం వాన పడుతోంది. మరిది హాల్లో సోఫా మీద పడుకున్నాడు. అర్ధరాత్రి దాటాక పూజగదిలోంచి ఒక ఆడగొంతు స్పష్టంగా, ఒక్క మాట అంది.

"కనెక్టెడ్."

నేను కళ్ళు తెరిచాను. మావారూ తెరిచారు, కానీ తెరవనట్టు ఉన్నారు. కాసేపటికి గాలి ఊళ వినిపించింది. తరువాత అందెల చప్పుడు. చాలా మెల్లగా మొదలై, ఎవరో నడుచుకుంటూ దగ్గరికి వస్తున్నట్టు క్రమంగా పెరిగింది. మా పూజగది తలుపులకు వరసగా ఇత్తడి గంటలు ఉంటాయి. ఎవరూ ముట్టుకోకుండానే అవి సన్నగా వణకడం మొదలుపెట్టాయి.

"ఏమండీ."

"పిల్లి అయి ఉంటుంది."

"పిల్లి ఇంగ్లీషు మాట్లాడిందా?"

ఇక లేవక తప్పలేదు. హాల్లోకి వచ్చేసరికి మరిది సోఫా మీద నిలబడి ఉన్నాడు. లైటు మీట అతని భుజానికి ఆనుకునే ఉంది. ఎవరూ వేయలేదు. ఎందుకు వేయలేదని ఇప్పుడు అడిగితే ఒక్కరి దగ్గరా జవాబు లేదు. చీకట్లోనే, గోడ పట్టుకుని, శబ్దం వచ్చిన వైపే వరసగా నడిచాం. సగం దూరం పోయాక మరిది ఆగి, "మీరు అటు చూడండి, నేను బాల్కనీ చూసి వస్తాను" అన్నాడు. ఇన్నేళ్ళుగా సినిమాల్లో వాళ్ళను తిట్టిన నోరు అది. మావారు చీపురు పట్టుకున్నారు. ఎటు తిప్పి పట్టుకోవాలో తెలియక నిలువుగా, జెండాలా పట్టుకున్నారు.

అంతలో అత్తయ్య గదిలోంచి వచ్చారు. మమ్మల్ని దాటుకుని నేరుగా పూజగది ముందుకు వెళ్ళి, కొంగు దోపుకుని, కొత్తగా చేరిన పనిమనిషిని అడిగినంత మామూలుగా అడిగారు.

"ఎవరమ్మా నువ్వు? నీకేం కావాలి?"

లోపల అందెలు ఆగిపోయాయి. ఒక్క క్షణం ఏమీ లేదు. తరువాత గంటలన్నీ గలగలమనేంత గట్టిగా బదులు వచ్చింది.

"ఈ ఇల్లు నాది!"

మావారి చేతిలోంచి చీపురు జారింది. అత్తయ్య మాత్రం అంగుళం కదలలేదు.

"నీదెలా అవుతుంది? వాయిదాలు మావాడు కడుతున్నాడు!"

దానికి లోపలినుంచి వచ్చిన నవ్వు ఎలా ఉందో రాయడం నా వల్ల కాదు. ఇల్లు అదిరిపోయింది, నాకు ఆంజనేయ దండకం మొదటి పాదం కూడా గుర్తు రాలేదు. నవ్వు పెరిగి పెరిగి, కేకగా మారి, ఠక్కున ఆగింది. ఆ వెంటనే అదే పూజగదిలోంచి మరో ఆడగొంతు, ఎంతో ఆప్యాయంగా, జిడ్డు పట్టిన గిన్నెలు ఒక్క చుక్కతో తళతళలాడతాయని చెప్పింది.

అత్తయ్య మా వైపు తిరిగారు. "ఏ చుక్కట?"

నిద్రకళ్ళతో వచ్చిన మా అమ్మాయి లైటు వేసింది. లక్ష్మీదేవి పటం పక్కన నల్లటి స్పీకరు, దాని మీద నీలం దీపం. అత్తయ్య పొద్దున్నే సుప్రభాతం వింటారని మరిదే కోఠిలో కొనిచ్చాడు, బ్లూటూత్‌తో ఆవిడ ఫోనుకు కలిపి పెట్టాడు. కార్తీకమాసంలో పై అంతస్తు వాళ్ళు సత్యనారాయణ వ్రతానికి అడిగి తీసుకెళ్ళి, మంత్రాలు పెద్దగా వినపడాలని వాళ్ళ టీవీకి తగిలించారు. వ్రతం అయింది, స్పీకరు తిరిగి వచ్చింది, టీవీ మాత్రం దాన్ని మరిచిపోలేదు. ఆ రాత్రి అత్తయ్య ఫోను చార్జింగ్ అయిపోయి ఆగిపోగానే, ఖాళీగా ఉన్న స్పీకరును పైనుంచి టీవీ లాక్కుంది. ఈ మాత్రం దూరం దానికి ఒక లెక్క కాదు, మధ్యలో ఉన్నది ఒక్క శ్లాబే.

"ఇంతేనా!" అని మావారు వంగి చీపురు తీసుకున్నారు. మా అమ్మాయి స్పీకరు మీట నొక్కింది.

అక్కడితో అయిపోయేది. కానీ స్పీకరు చేయి వదిలేయగానే టీవీకి తన సొంత గొంతు గుర్తొచ్చింది. పైవాళ్ళు ఏమీ వినపడక రిమోట్ నొక్కి నొక్కి శబ్దాన్ని చివరి అంకె దాకా పెంచి ఉన్నారు. ప్రకటన కూడా అప్పుడే అయిపోయినట్టుంది. మా నెత్తి మీద ఆ నవ్వు మళ్ళీ మొదలైంది, దాని వెనకే ఇంటిల్లిపాదీ పెట్టిన కేక. ఏదో బరువైనది కింద పడింది, కుర్చీ అని తరువాత తెలిసింది.

రెండు నిమిషాల్లో మెట్ల దగ్గర అందరం చేరాం. పై అంతస్తాయన విశ్రాంత బ్యాంకు అధికారి, పంచె ఒక చేత్తో పట్టుకుని దిగి వచ్చారు. సంగతి చెప్పి, మీ సినిమా శబ్దమంతా మా ఇంట్లో మోగిందన్నాం. ఆయన ముఖం చిన్నబోయింది.

"అయితే అందులో శబ్దం ఉందా?"

మొదటినుంచీ మూకీ సినిమాగానే చూశారట. ‘ఏ క్వయట్ ప్లేస్’ అని 2018లో ఒకటి వచ్చిందని, చప్పుడు చేస్తే చంపేసే జీవుల మధ్య ఒక కుటుంబం నోరు మెదపకుండా బతుకుతుందని వాళ్ళ అబ్బాయి ఎప్పుడో ఫోనులో చెప్పాడు. ఇదీ ఆ తరహాదే కాబోలు అనుకున్నారు.

"పెదవులు కదులుతున్నాయి గానీ మాట రావడం లేదు. ఆత్మలకు గొంతు ఉండదు కదా, ఎంత బాగా ఆలోచించాడు దర్శకుడు అని మా ఆవిడతో అంటూనే ఉన్నాను. మీరు చెడగొట్టారు."

మావారు గొంతు సవరించుకున్నారు. "మాకు శబ్దం ఒక్కటే వినపడింది. నన్నడిగితే పదికి మూడు."

"బొమ్మ చూడకుండా మార్కులెలా వేస్తారండీ?"

"భయం వేయలేదు మరి."

ఎవరూ ఆయన చేతిలోని చీపురు వైపు చూడకుండా మర్యాద పాటించాం. తరువాత అందరం మెట్ల మీదే కూర్చున్నాం. వాళ్ళు చూసింది వాళ్ళు, మేం విన్నది మేం చెప్పుకుని కథ అతికించడానికి ప్రయత్నించాం. అందెలు ఎవరివో మాకు తెలియదు, ఆ పిల్ల ఏమందో వాళ్ళకు తెలియదు. ఇల్లు నాదని అందంటే, ఆవిడ ఆ ఇంటి కోడలై ఉంటుందని అత్తయ్య తేల్చారు. కాదు, వడ్డీ కట్టలేక ఇల్లు పోగొట్టుకున్న మనిషి అని బ్యాంకు అధికారిగారు పట్టుబట్టారు. మరిది ఇంకా బాల్కనీలోనే ఉన్నాడు.

కేకలు విని టార్చి లైటుతో పైకి వచ్చిన వాచ్‌మన్ అంతా విని, ఆ సినిమా తను పోయిన వారమే ఫోనులో పెట్టానని చెప్పాడు. అందరం ఒక్కసారిగా అతని వైపు తిరిగాం. ఇంతకీ ఆ ఇల్లెవరిది, చివరికి ఏమైంది అని అత్తయ్య అడిగారు.

"నాకు తెలియదమ్మా. మొదటి పది నిమిషాల్లోనే వాచ్‌మన్‌ను చంపేశారు. ఇక నేను చూడలేదు."